బాధకు రంగు లేదనేవారితో ఒక వాదం

"బాధకు రంగు లేదు, కన్నీటికి జాతి లేదు" అనే మాట మన సాహిత్య సభలలో తరచుగా వినబడుతుంటుంది. వినడానికి ఇంపైన మాట. చప్పట్లు కూడా మోగుతాయి. వలసను గురించి, జాతిని గురించి ఎవరైనా కథ చదివినా, ఛాయాచిత్రం చూపినా, ఒక విమర్శకుడు లేచి "ఇందులో జాతి ప్రస్తావన అనవసరం, దీనిని మానవ వేదనగానే చూడవలె" అని తీర్పు చెప్పి కూర్చుంటాడు. పక్కనున్నవారు "బొమ్మే అంతా చెబుతూంటే మాటలెందుకండీ" అని వంత పాడతారు.

ముప్పది ఏళ్లకు పైగా బడిలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. శబ్దం, అర్థం జంటగానే ఉంటాయనీ, ఒకదానిని విడిచి మరొకటి నిలవదనీ పిల్లలకు చెబుతూ వచ్చిన నాకు ఈ రెండు మాటలూ మింగుడుపడవు. బొమ్మకు మాట తోడు లేకపోతే చూచేవాడు తనకు తోచిన అర్థాన్ని దానికి అంటగడతాడు. అట్లా అంటగట్టేది సాధారణంగా జాలి. జాలి చూచేవాడి సొత్తు. ఆశ మాత్రం బొమ్మలో ఉన్నవాడిది. వలస పోయినవాడి జాతిని చెరిపివేస్తే వాడి ఆశ కూడా చెరిగిపోతుందని, మిగిలేది మన జాలి ఒక్కటేనని నా వాదం. నిదర్శనాలు చూపకుండా ఒప్పుకొమ్మనను. చూపుతాను, చిత్తగించండి.

లోకమంతా ఎరిగిన ఒక ఛాయాచిత్రంతో మొదలుపెడతాను. 1936 మార్చి నెల. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో నిపోమో దగ్గర బఠానీ కోతకు వచ్చిన కూలీల మకాం. పంట మంచుకు పాడైపోయింది. పని లేదు, తిండి లేదు. ప్రభుత్వ సంస్థ తరఫున ఫొటోలు తీస్తూ ఆ దారిన పోతున్న డొరోథియా లాంగ్ అక్కడ ఒక తల్లిని ఆమె బిడ్డలతో సహా చిత్రించింది. చెంపకు చేయి ఆనించి ఎటో చూస్తున్న తల్లి, ఆమె భుజాల మీద మొగం దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో చంటిబిడ్డ. "వలస తల్లి" అని ఆ చిత్రానికి పేరు స్థిరపడింది. ఫొటోలు పత్రికలో రాగానే ప్రభుత్వం 20,000 పౌండ్ల ఆహారం అక్కడికి పంపింది. ఆ కుటుంబం మాత్రం అప్పటికే మరో చోటికి తరలిపోయింది.

ఆమె పేరు అడగలేదని, కథ అడగలేదని లాంగ్ తరువాత తానే వ్రాసింది. నలభై రెండేళ్ల పాటు ఆ తల్లి పేరులేని తల్లిగానే లోకమంతా తిరిగింది. దుమ్ము తుపానులకు దిక్కులేనివారై వచ్చిన తెల్లజాతి పేద రైతుల ప్రతీకగా అందరూ ఆమెను చూచారు. 1978లో గాని ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలియలేదు. ఆమె 1903లో, నేటి ఓక్లహోమాలో, నాడు ఆదివాసులకు కేటాయించిన భూభాగంలో పుట్టింది. పుట్టుక చేత చెరోకీ. ఆ చిత్రం వలన తనకు ఒక్క కాసు రాలేదని ఆమె వాపోయింది. 1983లో కన్నుమూసింది.

ఇప్పుడు "బాధకు రంగు లేదు" అనేవారిని అడుగుతున్నాను. చెరోకీ అన్న ఒక్క మాట చేరగానే ఆ చిత్రం మారలేదా? 1838, 1839 సంవత్సరాలలో సొంత నేల నుంచి సైనికుల కాపలాలో వెళ్లగొట్టబడి, దారిలో వేలమందిని పోగొట్టుకొని పడమటికి నడిచిన జాతి అది. వంద ఏళ్లు తిరగకముందే ఆ జాతి బిడ్డ మళ్లీ రోడ్డున పడి, ఏ తోటలో పని దొరుకుతుందోనని పడమటికే సాగింది. బొమ్మలో ఒక పూట ఆకలి మాత్రమే కనబడుతుంది. ఆ ఆకలి వెనుక ఉన్న నూరేళ్ల చరిత్రను చూపేది జాతి పేరే. దానిని సంకుచితత్వం అంటే నేను ఒప్పుకోను.

దీనికి ఒక ప్రతివాదం ఉన్నది, అది బలమైనదే. "జాతి పేరు చెప్పి మనుషులను వస్తువులుగా చేసినవారు లేరా?" అంటారు. ఉన్నారు. 1850లో హార్వర్డు ఆచార్యుడు లూయీ అగాసీ, జాతులన్నీ వేర్వేరుగా పుట్టినవనే తన సిద్ధాంతానికి ఆధారాలు కావాలని, దక్షిణ కరొలైనాలో ఏడుగురు బానిసలకు బట్టలు విప్పించి 15 చిత్రాలు తీయించాడు. వారిలో రెంటీ ఒకడు, అతని కుమార్తె డీలియా ఒకతె. ఆ చిత్రాల వెంట పేరూ ఉన్నది, కాంగో వంటి పుట్టుచోటూ ఉన్నది, యజమాని పేరూ ఉన్నది. లేనిది ఒక్కటే, రెంటీ నోటి మాట. ఆ చిత్రాలు 1976లో ఒక మ్యూజియం అటకమీద బయటపడ్డాయి. తాను రెంటీ సంతతిదాననని టమారా లనీర్ 2019లో హార్వర్డు మీద దావా వేసింది. 2025లో రాజీ కుదిరి, ఆ చిత్రాలను దక్షిణ కరొలైనాలోని ఆఫ్రికన్ అమెరికన్ల మ్యూజియానికి అప్పగించడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకొన్నది.

కనుక దోషం జాతి పేరు చెప్పడంలో లేదు. ఆ పేరు ఎవరి నోట వస్తున్నది, ఎవరి ప్రయోజనానికి వస్తున్నది అన్నది చూడవలె. అదే కాలంలో ఫ్రెడరిక్ డగ్లస్ ఏం చేశాడో చూడండి. మేరీలాండులో బానిసగా పుట్టి 1838లో తప్పించుకొని ఉత్తరాదికి పారిపోయినవాడు. 1845లో స్వీయచరిత్ర వ్రాశాడు. అంతటితో ఊరుకోలేదు. జీవితమంతా కెమెరా ముందు కూర్చున్నాడు. పరిశోధకులు ఇంతవరకు అతని ఛాయాచిత్రాలు సుమారు 160 లెక్కగట్టారు. 19వ శతాబ్దపు అమెరికాలో అన్ని ఫొటోలు తీయించుకున్నవారు మరొకరు లేరు, లింకను కూడా అతని తరువాతే. పళ్లికిలించే నల్లవాడి బొమ్మలు గీసి నవ్వుకునే కాలంలో అతడు సూటిగా చూస్తూ, నవ్వకుండా, చక్కని దుస్తులు ధరించి కూర్చున్నాడు. 1861లో బోస్టనులో చిత్రకళను గురించి ఉపన్యాసమే ఇచ్చాడు. మాటా తనదే, బొమ్మా తనదే కావాలన్నది అతని పట్టుదల. జాతిని దాచుకొని సాధించిన గౌరవం కాదది.

ఇక వలసకు వస్తాను. 1910ల నుంచి 1970 వరకు సుమారు 60 లక్షలమంది నల్లజాతివారు అమెరికా దక్షిణ రాష్ట్రాలను విడిచి ఉత్తరానికీ పడమటికీ పోయారు. పంటలో పాలుకు దున్నినవాడికి ఏటి చివర అప్పే మిగిలేది. పత్తికాయను తొలిచే పురుగు పంటను తినేసింది. మూకలు చేరి మనుషులను చెట్లకు ఉరితీసేవి. మొదటి ప్రపంచయుద్ధంతో ఐరోపా నుంచి కూలీల రాక తగ్గి, ఉత్తరాది కర్మాగారాలకు మనుషులు కావలసివచ్చారు. 1905లో మొదలైన "షికాగో డిఫెండర్" పత్రికను రైళ్లలో పనిచేసే నల్లజాతి సేవకులు చాటుగా దక్షిణాదికి చేరవేసేవారు. చదవడం వచ్చినవాడు చదివితే రానివారు చుట్టూ చేరి వినేవారు. ఒక అక్షరం మనిషిని రైలెక్కించిందంటే, సాహిత్యానికి అంతకంటె ఏ సాఫల్యం కావాలి?

ఆ రైలెక్కినవారిలో రిచర్డ్ రైట్ ఒకడు. 1908లో మిసిసిపీలో పుట్టి 1927లో షికాగో చేరాడు. 1941లో "కోటీ ఇరవై లక్షల నల్ల గొంతులు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వెలువరించాడు. అందులోని ఛాయాచిత్రాలు ఎక్కువగా ప్రభుత్వ సంస్థ తీయించినవి. వాటిని ఎంచి కూర్చినవాడు ఎడ్విన్ రాస్కమ్. తీసినవారిలో అధికులు తెల్లవారు, "వలస తల్లి"ని తీసిన లాంగ్ కూడా వారిలో ఉన్నది. అవే బొమ్మలు సర్కారు దస్త్రంలో పడి ఉండేవి. రైట్ వాటి పక్కన "మేము" అని ఉత్తమపురుష బహువచనంలో వచనం వ్రాశాడు. "వారు" పోయి "మేము" రాగానే దస్త్రం చరిత్రగా మారింది. ఒక్క సర్వనామం ఎంత పని చేయగలదో వ్యాకరణం చెప్పేవారు గమనించవలసిన చోటు ఇది.

రైట్ ఆశను తీపి చేసి అమ్మలేదు. షికాగోలో ఒకే గదిలో ఇరుక్కున్న కాపురాలను, పలువురికి ఒకే మరుగుదొడ్డిని, గుంజే అద్దెలను దాచలేదు. చేరిన చోటు స్వర్గం కాదని తెలిసిన తరువాత కూడా, కదలగలిగిన మనిషి ఇక మునుపటి మనిషి కాడన్నదే అతని పుస్తకంలో నేను చదువుకున్న ఆశ. ఆ మహావలసను గురించి ఇసబెల్ విల్కర్సన్ 1,200 మందికి పైగా మనుషులతో మాట్లాడి 2010లో ప్రకటించిన గ్రంథానికి పేరు రైట్ మాటల నుంచే తీసుకొన్నది.

గోర్డన్ పార్క్స్ కథ మరీ ముచ్చటైనది. రైలులో వడ్డన పని చేస్తూ, ఎవరో వదిలిపోయిన పత్రికలో వలస కూలీల ఫొటోలు చూచి, తాకట్టు దుకాణంలో ఒక పాత కెమెరా కొన్నాడు. 1942లో వాషింగ్టను వచ్చి అదే ప్రభుత్వ సంస్థలో చేరాడు. రాజధానిలో దుకాణంలోనూ, భోజనశాలలోనూ అతనికి ప్రవేశం దొరకలేదు. ఆ కార్యాలయంలో రాత్రులు గదులు తుడిచే ఎల్లా వాట్సన్‌ను జాతీయ పతాకం ముందు చీపురుతో, తుడుపుకర్రతో నిలబెట్టి చిత్రం తీశాడు. ఆ ఒక్క బొమ్మతో ఆపి ఉంటే ఆమె కూడా ప్రతీకగానే మిగిలేది. పార్క్స్ ఆమె ఇంటికి, ఆమె ప్రార్థనామందిరానికి వెళ్లి, పిల్లలతో ఆమె కాపురాన్ని మరికొన్ని వారాలు చిత్రించాడు. ఆమె పేరు మనకు తెలుసు. పేరు తెలుసుకున్నవాడికీ తెలుసుకోనివాడికీ తేడా నిపోమోకూ వాషింగ్టనుకూ మధ్య కనబడుతున్నది.

"మాకెందుకండీ ఈ అమెరికా గొడవ?" అని చదువరులు అడగవచ్చు. మనకే కావాలి. మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువారిని అక్కడ "కొరంగీలు" అన్నారు. కోరంగి రేవు పేరే మనవారికి జాతి పేరైంది. 1867 నాటి చట్టం ఒప్పందం తీరిన కూలీ కూడా తన ఫొటో అంటించిన టిక్కెట్టు దగ్గర ఉంచుకొని తిరగాలన్నది. లేకుంటే పట్టుబడేవాడు. డగ్లస్‌కు స్వేచ్ఛను ఇచ్చిన ఛాయాచిత్రం మన కొరంగీ మెడకు గుదిబండ అయింది. ఆ ముఖాలు నేటికీ అక్కడి దస్త్రాలలో ఉన్నాయి, ప్రతి ముఖానికీ ఒక అంకె ఉన్నది. వాటి పక్కన "మేము" అని వ్రాసిన తెలుగు పుస్తకం నేనింతవరకు చదవలేదు.

మరొక్క మాట, ఇది కొందరికి కష్టంగా ఉంటుంది. 1923లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరసత్వానికి అర్హుడు కాడన్నది. 1946 వరకు ఆ తలుపు మూసే ఉన్నది. దేశాలవారీ కోటాలను తొలగించి మన ఇంజనీర్లకు, వైద్యులకు దారి తెరిచిన చట్టం 1965లో వచ్చింది. అది ఊరికే రాలేదు. 1963లో బర్మింగ్‌హామ్ వీధులలో నల్లజాతి పిల్లల మీదికి కుక్కలను, నీటిగొట్టాలను వదిలిన దృశ్యాలను చార్లెస్ మూర్ వంటివారు ఫొటోలు తీసి దేశానికి చూపించిన కాలం అది. పౌరహక్కుల పోరాటం జాతి వివక్షను సిగ్గుచేటుగా నిలబెట్టిన ఆ గాలిలోనే కోటాలూ కూలాయి. ఆ పోరాటంలో దెబ్బలు తిన్నవారిని మనవారిలో కొందరు అక్కడ స్థిరపడి ఏ మాటలతో పిలుస్తారో నేను ఇక్కడ వ్రాయను, విన్నవారికి తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు అతని డిగ్రీ ఏమిటని అడగలేదు. చర్మం రంగు చూచి, నా దేశం నుంచి పొమ్మన్నాడు. బాధకు రంగు లేకపోవచ్చు. తుపాకి గురిపెట్టేవాడి కంటికి ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. 2020లో లాక్‌డౌన్ విధించినప్పుడు రోడ్ల వెంట నడిచిన జనం ఫొటోలు అన్ని పత్రికలలో వచ్చాయి. కింద చాలాచోట్ల రెండే మాటలు: "వలస కూలీలు". ఏ ఊరు, ఏ కులం, ఏ పనికి వచ్చారు, ఎందుకు సొంత ఊళ్లో సెంటు భూమి లేకపోయింది, ఎక్కడికి చేరుదామని బయలుదేరారు? ఇవి వ్రాయకుండా "మానవ వేదన" అని కన్నీరు కార్చడం సుఖమైన పని. కులం చెబితే భూమి సంగతి వస్తుంది, భూమి సంగతి వస్తే మన సంగతి వస్తుంది. అందుకే రంగు లేని బాధ అంటే మనకంత ప్రీతి.

డెకరావా ఫొటోలకు లాంగ్‌స్టన్ హ్యూస్ వచనం వ్రాసిన పుస్తకం ఒకటి 1955లో వచ్చింది. హార్లెంలోని ఒక నల్లజాతి బామ్మ అందులో కథకురాలు. దేవుడి దగ్గరినుంచి రమ్మని తంతి వస్తే ఆమె సంతకం పెట్టి తీసుకోనంటుంది. మనుమలను చూచుకోవాలి, వీధిలో ఏం జరుగుతున్నదో కనిపెట్టుకోవాలి, ఇప్పుడు తీరిక లేదంటుంది. ఆ బామ్మను చూచి జాలిపడడం ఎవరి తరమూ కాదు. ఆమె ఆశ హార్లెంది, ఆమె జాతిది, ఆమె సొంత నోటిది.

కథలు వ్రాసేవారికి, కెమెరా పట్టేవారికి నా మనవి ఒక్కటే. మనిషి ముఖం తీసుకునే ముందు పేరు అడగండి, ఊరు అడగండి, అతడు తన జాతిని ఏ మాటతో చెప్పుకుంటాడో అదే మాట వ్రాయండి. ఎక్కడికి పోతున్నాడో, అక్కడ ఏం దొరుకుతుందని పోతున్నాడో కూడా అడగండి. అడగడానికి తీరిక లేనివారు కెమెరాను సంచిలోనే ఉంచుకోవచ్చు.