పక్క బల్ల మీదే ఉన్న ఫైలు

మెదక్ జిల్లా పాపన్నపేట లాంటి ఒక మండల కార్యాలయంలో పదిహేను కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. హైదరాబాద్ సర్వర్ నుంచి 600 ఎంబీల ఫైలొకటి అన్నింటిలోకీ దిగాలి. కేంద్రం 2005లో ఆమోదించిన స్వాన్ (స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్) పథకంలో రాజధాని నుంచి మండలం దాకా వేసే లైన్లకు పెట్టిన కనీస వేగం 2 ఎంబీపీఎస్. ఆ వేగంతో ఒక కంప్యూటర్‌కు నలభై నిమిషాలు, పదిహేనింటికీ కలిపి పది గంటలు. అంటే ఆ రోజు ఆఫీసులో ఇంకే పనీ సాగదు. లైను వేగం పెంచితే గంటలు తగ్గుతాయి గానీ, ఒకే సరుకును పదిహేను సార్లు మోయడం తగ్గదు.

దీనికి విరుగుడు విండోస్‌లోనే ఉంది. విండోస్ 7తో 2009లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన బ్రాంచ్‌క్యాష్‌లో డిస్ట్రిబ్యూటెడ్ మోడ్ అనే పద్ధతికి ఆఫీసులో వేరే సర్వర్ అక్కర్లేదు. ఫైలును మొదట అడిగిన కంప్యూటర్ హైదరాబాద్ నుంచే తెచ్చుకుని ఒక ప్రతి దాచుకుంటుంది. రెండో కంప్యూటర్ అడిగితే సర్వర్ ముందు అనుమతి చూసి, ఫైలుకు బదులు దాని ముక్కల హ్యాష్‌ల జాబితా, అంటే ఒక్కో ముక్కను గుర్తుపట్టే చిన్న సంకేతాల జాబితా పంపుతుంది. ఇది అసలు ఫైలులో సుమారు రెండు వేలో వంతే. ఆ జాబితా పట్టుకుని కంప్యూటర్ ‘ఈ ముక్కలు ఎవరి దగ్గరున్నాయి?’ అని ఆఫీసు నెట్‌వర్క్‌లో కేక వేస్తుంది. పక్క బల్ల మీది కంప్యూటర్ పలుకుతుంది. అందిన ముక్కను కంప్యూటర్ హ్యాష్‌తో సరిచూసుకుంటుంది కాబట్టి మధ్యలో ఎవరైనా కల్తీ చేస్తే దొరికిపోతుంది.

ఇంత చక్కటి ఏర్పాటు మెదక్‌లో ఉన్నది ఉన్నట్టు పెడితే షేర్డ్ ఫోల్డర్ల విషయంలో అసలు మేల్కోకపోవచ్చు. సర్వర్ దాకా వెళ్లి రావడానికి 80 మిల్లీసెకన్లకు మించి పడితేనే పని మొదలుపెట్టమని దానికి ముందే చెప్పి పెట్టారు. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను చాలు. దారిలో రూటర్ల ఆలస్యం కలిపినా, లైను ఖాళీగా ఉన్నప్పుడు 80 దగ్గరకు కూడా రాదు. ఖండాలు దాటి ఆఫీసులున్న కంపెనీల కోసం పెట్టిన అంకె అది. మన ఇబ్బంది దూరంతో కాదు, సన్నటి లైనుతో. గ్రూప్ పాలసీ అనే విండోస్ అమరికలో ఆ అంకెను సున్నా చేస్తే సరిపోతుంది, ఆ సంగతి తెలిసినవాళ్లు ఉండాలి అంతే.

మిగతా పరిమితులు అంత తేలిగ్గా పోవు. ముక్కల కోసం కంప్యూటర్ వేసే ఆ కేక రూటర్ దాటదు, సబ్‌నెట్‌లోనే, అంటే రూటర్‌కు ఇవతల ఉన్న నెట్‌వర్క్ భాగంలోనే ఆగిపోతుంది. 2023లో మెదక్‌లో ప్రారంభమైన సమీకృత కలెక్టరేట్‌లో శాఖలన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి. కానీ అంత పెద్ద భవనాల్లో సాధారణంగా శాఖకో సబ్‌నెట్ పెడతారు. అలా పెట్టిన చోట వ్యవసాయ శాఖ దించుకున్నది పక్క గదిలోని విద్యాశాఖకు కనబడదు. అలాంటి చోటికి అన్నీ ఒకే యంత్రంలో దాచే హోస్టెడ్ మోడ్ మేలు. డిస్ట్రిబ్యూటెడ్ మోడ్ చిన్న ఆఫీసుల సరుకు.

ప్రతి దాచుకున్న కంప్యూటర్‌ను ఆపేసి ఉద్యోగి ఇంటికి వెళ్తే ఆ ప్రతి కూడా అందకుండా పోతుంది. 64 కేబీల లోపు ఫైళ్లను ఇది పట్టించుకోదు. దరఖాస్తు అప్‌లోడ్ చేయడానికీ, వీడియో కాన్ఫరెన్స్‌కూ దీనివల్ల ఒరిగేదేమీ లేదు. సర్వర్ వైపు కూడా బ్రాంచ్‌క్యాష్ పెట్టి ఉండాలి కాబట్టి బయటి వెబ్‌సైట్లకూ పనికిరాదు. అన్నింటికన్నా పెద్ద చిక్కు ఒకటుంది: లైను తెగితే హ్యాష్‌ల జాబితా రాదు. ఫైలు పక్క బల్ల మీదే ఉన్నా చేతికి రాదు. కాబట్టి ‘నెట్ లేకున్నా పని ఆగదు’ అని ఎవరైనా దీన్ని అమ్మజూపితే నమ్మకూడదు.

అయినా మండల ఆఫీసుల్లో, బడుల కంప్యూటర్ గదుల్లో దీన్ని పెట్టి చూడాల్సిందే. విండోస్ ఎడిషన్ సరైనదైతే కొత్తగా కొనాల్సిన సామానేమీ లేదు. ఎన్ని బైట్లు సర్వర్ నుంచి వచ్చాయో, ఎన్ని పక్క కంప్యూటర్ల నుంచి వచ్చాయో విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్ విడివిడిగా చూపిస్తుంది. జిల్లా యంత్రాంగం రెండు మూడు మండలాల్లో ఒక నెల ఆ లెక్క రాయించి, ఆ తర్వాతే కొత్త లైన్లకు టెండర్లు పిలవాలి.