కాంక్రీటు పోయకముందే చూడవలసినవి

చోడవరమునుండి యొక సోదరి గడచిన మాసమున మాకు లేఖ వ్రాసినారు. 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్‌హుద్ తుఫానులో పెంకులెగిరిపోయిన తమ పాత యింటిని ఇన్నాళ్లకు విప్పించి, ఆ స్థలముననే డాబా యిల్లు కట్టించుకొనుచున్నారట. భర్తగారు గాజువాకలో నుద్యోగము చేయుచు ఆదివారము మాత్రమే యింటికి వత్తురు. కావున సిమెంటు బస్తాలు లెక్కించుట మొదలు కూలీల వారపు బట్వాడా వరకు సర్వభారము నామెదే. గురువారము మంచి ముహూర్తమున్నదని అత్తగారును, ఆనాడే స్లాబు వేసి తీరవలెనని మేస్త్రీయు పట్టుపట్టిరి. ఇంజనీరు శనివారమునకు గాని రాజాలనని చెప్పినాడు. "ఎవరి మాట వినవలెను? ఒకరు వచ్చి చూచి పోయినంతమాత్రమున కలుగు లాభమేమి?" అని యామె ప్రశ్న.

ఆమెకు వెంటనే "ఆపుడు" అని జాబు వ్రాసితిమి. కారణములు మాత్రము ఒక్కరికే చెప్పి యూరకొనదగినవి కావు గనుక నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట మా యింటి సంగతి. చాల యేండ్ల క్రిందట మేమును ఇట్టి తొందరలోనే వంటయింటిపై స్లాబు వేయించితిమి. మేస్త్రీ నమ్మకస్థుడు, మాకు తెలిసిన కుటుంబమువాడు. చూచుటకు వత్తునన్న ఇంజనీరు రాలేదు. మిల్లరు వచ్చి వాకిట నిలిచియున్నది, ఇరువదిమంది కూలీలు గంపలు పట్టుకొని యున్నారు. ఎట్లు ఆపుదుము? పోయించితిమి. పది వర్షాకాలములు గడచునప్పటికి కప్పు క్రిందిభాగము పొరలు పొరలుగా నూడసాగినది. ఒకనాడు ఉదయము పొయ్యి దగ్గర, మేము రెండు నిమిషములకు ముందు నిలిచియున్న చోటనే, అరచేతి మందము పెచ్చు పడినది. తరువాత మరియొక ఇంజనీరు వచ్చి చూచి, ఊచలు చెక్కపలకలకు తాకియుండగనే కాంక్రీటు పోసినారనియు, అందుచే వాని క్రింద సిమెంటు కప్పు లేక తేమ తగిలి త్రుప్పుపట్టినవనియు చెప్పినాడు. ఊచల క్రింద చిన్న సిమెంటు బిళ్లలు పెట్టియుండిన ఈ యవస్థ రాకపోవును. ఆ బిళ్లల వెల యెంత!

కాంక్రీటుయొక్క గుణ మిది. పోయకముందు అన్నియు కంటికి కనబడును, సరిదిద్దుటకు ఒక పూట చాలును. పోసిన మరునాటినుండి ఏమియు కనబడదు.

ఇక ఎవరు చూడవలెననుట. ఇచ్చట చాలమంది సోదరీమణులు పొరబడుచున్నారు. ఇల్లు కట్టుకొనుటకు గ్రామ పంచాయతీ యనుమతి కావలెను. దీనికి 2002లో వచ్చిన గ్రామ పంచాయతీ లేఅవుటు, భవన నిబంధనలు కలవు. స్థలము నగరాభివృద్ధి సంస్థ హద్దులోనిదైనచో 2017 నాటి భవన నిబంధనలను గూడ చూడవలెను. మీ స్థలము దేని క్రిందికి వచ్చునో ముందుగనే గ్రామ సచివాలయమున నడిగి తెలిసికొనుడు. 2019 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన ఈ సచివాలయములలో ఇంజనీరింగు సహాయకుడను నుద్యోగి నేర్పరచినారు. ప్రభుత్వ గృహపథకమున కట్టుకొనువారికి పునాది మట్టము, కప్పు మట్టము, కప్పు వేయుట యను మెట్లనుబట్టి బిల్లు వచ్చును గనుక, ఆ మెట్ల పరీక్షలు వారికి తప్పవు. చోడవరము 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది; కలెక్టరు కచేరీ పనులకు ఇప్పుడు విశాఖపట్టణము పోనక్కరలేదు.

అయితే అధికారి ప్రధానముగా చూచునది ఇల్లు ప్లానుకు లోబడియున్నదా, చుట్టును విడువవలసిన జాగా విడిచినారా, అంతస్తులు మించినవా యను సంగతులు. అప్పిచ్చిన బ్యాంకు తరఫున వచ్చునాయన చూచునది ఎంత పని యైనది, ఎంత సొమ్ము విడుదల చేయవచ్చుననుట. వీరిలో నెవరును మీ ఊచలను లెక్కించుటకు రాలేదు. వారు వచ్చి పోయినారు గనుక ఇల్లు భద్రమని తలచుట పొరపాటు. 2014 జూన్ 28వ తేదీన చెన్నపట్టణపు శివారులోని మౌలివాక్కములో కట్టుచున్న పదునొకండంతస్తుల భవనము వానలో కూలి 61 మంది మరణించిరి. వారిలో ననేకులు మన విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలనుండి పొట్టకూటికై వెళ్లినవారు. అదియు అనుమతిపత్రము లేని భవనము కాదు.

కాబట్టి ఊచలు చూచుటకు మీ మనిషి యొకడు వేరుగా నుండవలెను. ఇంటికి నిర్మాణపు లెక్క వేసిన ఇంజనీరే యైన మేలు. ఆయనతో పని ఆరంభింపకముందే ఇన్ని పర్యాయములు రావలెను, పర్యాయమున కింత యని మాట్లాడుకొనుడు. మేస్త్రీతో వ్రాసికొను ఒప్పందములో "ఇంజనీరు చూచి సంతకము చేయనిదే కాంక్రీటు పోయరాదు" అను నొక్క వాక్యము చేర్చుడు. తరువాత తగవులాడుటకంటె ముందు వ్రాసికొనుట మర్యాద.

పునాది గోతులు త్రవ్విన పిమ్మట, అడుగున కాంక్రీటు పరువకముందు మొదటి పర్యాయము రప్పింపుడు. ఇప్పుడు చోడవరము చుట్టుపట్ల వరిమళ్లను మట్టితో మెరకచేసి ప్లాట్లుగా నమ్ముచున్నారు. గోయి ఆ పోసిన మట్టిని దాటి గట్టి నేలకు చేరినదా యనునది ఇప్పుడు గాక మరెప్పుడును తెలియదు. చెదలమందు వేయదలచినచో దానికిని ఇదియే అదను. రెండవది పుటింగులకును పిల్లర్లకును ఊచలు కట్టినప్పుడు. పుటింగు ఊచకు 50 మిల్లీమీటర్లు, పిల్లరు ఊచకు 40 మిల్లీమీటర్లు సిమెంటు కప్పు ఉండవలెనని మన దేశపు ప్రమాణము. స్లాబునకు సాధారణముగా 20. మరుగుదొడ్డి గొట్టములను మట్టి కప్పకముందు ఒకసారి నీరు పోయించి చూచుటకు ఇంజనీరు అక్కరలేదు, మీరే చాలుదురు.

స్లాబు విషయమున కొంచెము నిలువవలెను. ఇంజనీరు నిచ్చెన యెక్కి చూచుచుండగా మీరును ఎక్కుడు, భయపడవలసినది లేదు. ఊచల క్రింద బిళ్లలున్నవా? ఊచకు ఊచ అతుకుపెట్టిన చోట తగినంత పొడవున్నదా? అతుకులన్నియు ఒక్క వరుసననే పడినవా? సెంట్రింగు క్రింది సర్వి బాదులు నేలమీద గట్టిగా నిలిచినవా, ఇటుక ముక్కలమీద నూగుచున్నవా? కరెంటు గొట్టములు, పంకా కొక్కెములు పెట్టుట ముగిసినదా? వీనన్నిటికంటె ముఖ్యమైనది ముందుకు చాచిన బాల్కనీ. గదిపై కప్పు నాలుగువైపుల ఆనుకొని యుండును గనుక దాని బలపు ఊచలు నడుమ అడుగున నుండును. బాల్కనీ యట్లు కాదు. చేయి చాచి బిందె పట్టుకొన్నప్పుడు నరము ఎక్కడ లాగునో చూడుడు: భుజము పైభాగమున. అట్లే బాల్కనీకి బలపు ఊచలు పైన నుండవలెను. కట్టువాడు పైననే కట్టును. కాని కాంక్రీటు మోయు కూలీలు వానిపై త్రొక్కి నడచుటచే అవి అడుగునకు దిగిపోవును. అట్టి బాల్కనీ బరువు పడినప్పుడు గోడయొద్దనే విరిగి పడును. అందుచే ఊచలు దిగకుండ క్రింద వంచిన ఇనుప పీటలు పెట్టించి, నడచుటకు పలకలు వేయింపుడు.

పరీక్షకు పిలుచు పద్ధతి యొకటి కలదు. ఊచలు కట్టుట యెన్నడు ముగియునో మేస్త్రీనడిగి, మూడు దినములు ముందుగా ఇంజనీరునకు ఫోనులో వ్రాసి పంపుడు, నోటిమాట నిలువదు. పరీక్షకును పోతకును నడుమ ఒక దినమైన ఖాళీ యుండవలెను. ఉదయము చూచి మధ్యాహ్నము పోయుదుమనిన, చెప్పిన లోపము దిద్దుటకు వేళ యెక్కడిది? ఊచలు కట్టినవాడు ఆ సమయమున అచ్చటనే యుండవలెను. ఒక నోటుపుస్తకములో తేదీ, వచ్చినవారి పేరు, చెప్పిన మాటలు వ్రాసి సంతకము తీసికొనుడు. కొలబద్ద ప్రక్కన పెట్టి ఛాయాచిత్రములు తీయుడు. ఇంగ్లండున నివసించు మా మేనకోడలు తన యింటికి రెండు గదులు చేర్చినప్పుడు పునాది గోయి, మురుగు కాలువ పూడ్చకముందు అక్కడి పురపాలకపు పరీక్షకుడు వచ్చి చూచెనట. చెప్పక పూడ్చినచో త్రవ్వి చూపుమనుటకు వారికి అధికారము కలదు. మనకు త్రవ్వింపువారెవరును లేరు గనుక, ముందే చూచుకొనవలెను.

ముహూర్తము మాట. పెద్దల మనస్సు నొప్పింపనక్కరలేదు. పురోహితునడుగుటకు ముందు ఇంజనీరునడిగి, ఆయన వచ్చిన తరువాతి దినములలో ముహూర్తము పెట్టుమనిన పెట్టరా? దినము ముందే కుదిరిపోయినచో ఆ వేళకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టి, పోత మాత్రము తరువాత పెట్టుకొనవచ్చును. మిల్లరుకిచ్చిన బయానా పోయిన పోవచ్చును. చెరకు నరుకుడు రోజులైనచో కూలీలు మరల దొరకుటయు కొంచెము కష్టమే. అది యబద్ధమని మేము చెప్పము. అయినను ఆపవలసినదే. మేస్త్రీకి కోపము రాకుండ, "మేస్త్రీ గారూ, మీ చేతిపనిమీద మాకు అనుమానము లేదు. రేపు ఏదైన వచ్చినప్పుడు మాట మీమీదికి రాకూడదనియే చూపించుచున్నాము" అనిన చాలును. మంచి పనివాడు దీనికి నొచ్చుకొనడు.

పోసిన తరువాత తొందర మరల మొదలగును. సెంట్రింగు పలకల యద్దె పెరుగుచున్నదని విప్పుటకు వత్తురు. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుగల స్లాబునకు బాదులు 7 దినములు, అంతకు మించినచో 14 దినములు ఉండవలెను. నీరు కట్టుట కనీసము 7 దినములు. ఎండలు మెండుగా నున్నను, బూడిద కలిసిన సిమెంటైనను 10 దినములకు తగ్గరాదు. పోయునాడే కొంత కాంక్రీటును 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చులలో పోయించి యుంచినచో 28 దినములకు పరీక్షశాలలో దాని బలము తేలును. ఇల్లు పూర్తియైనపిమ్మట నివాసయోగ్యతా పత్రము మీ కవసరమా కాదా యనునది అనుమతిపత్రములోని షరతులలో నుండును, చదివించుకొనుడు.

చోడవరపు సోదరి మొన్న మరల వ్రాసినారు. గురువారమున కొబ్బరికాయ కొట్టినారట. మేస్త్రీ ఆ పూట మాటలాడలేదట. శనివారము ఇంజనీరు వచ్చి, బాల్కనీ ఊచలు రెండంగుళములు దిగియుండుట చూపి పైకెత్తించినారు. ఆ పని సాయంకాలమునకు ముగిసినది. స్లాబు సోమవారమున పడినది. భర్తగారు మరునాటి పని మానుకొని నిలిచిరనియు, నీరు కట్టుట మాత్రము తన వంతే యనియు వ్రాసినారు.