ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

ప్రమాదం జరిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలని అడిగితే ఏ తరగతిలోనైనా చేతులన్నీ పైకి లేస్తాయి. 100, 101, 108, 112 అని పిల్లలు గడగడా చెప్పేస్తారు. ఫోన్ ఎత్తినవాళ్లు మొదట ఏమి అడుగుతారని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమైపోతుంది. "ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" ఇదే వాళ్లు అడిగేది. దీనికి తడబడకుండా జవాబు చెప్పడం నేర్పవలసింది భాషా ఉపాధ్యాయులమైన మనమేనని నా అభిప్రాయం. స్కౌట్స్ వాళ్లో, వ్యాయామ ఉపాధ్యాయులో చూసుకుంటారని ఇన్నాళ్లూ వదిలేశాం.

1935లో లండన్‌లోని వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకుని ఐదుగురు మహిళలు చనిపోయారు. పొరుగాయన ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజిలో వరుసలో ఆగవలసి వచ్చింది. ఆ ఘటన మీద రేగిన చర్చ తర్వాతే 1937లో అక్కడ 999 వచ్చింది. మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై అనేక రాష్ట్రాలకు విస్తరించింది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవలన్నిటికీ కలిపి 112 అనే ఒకే నంబరు 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో ఆరంభమైంది. నంబరు గుర్తుపెట్టుకోవడం ఇప్పుడు తేలికే. ఆ తర్వాత చెప్పవలసిన నాలుగు మాటల దగ్గరే మనవాళ్లు ఆగిపోతున్నారు.

మనం నేర్పే లేఖారచననే చూడండి. కుడివైపు పైన చిరునామా రాయమంటాం. పరీక్షలో సొంత వివరాలు రాయకూడదు కనుక "పరీక్షా భవనం, అ ఆ ఇ" అని రాయిస్తాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లవాడు పదుల కొద్దీ ఉత్తరాలు రాస్తాడు. అందులో ఒక్కదానిలోనూ తన ఇల్లు ఉండదు. లేని చోటు నుంచి రాయడం బాగా వస్తుంది, ఉన్న చోటు చెప్పడం రాదు.

ఊరి పేరు తెలిస్తే చాలదా అంటారు. తెలుగు నేల మీద కొత్తపల్లులు ఎన్ని, రామాపురాలు ఎన్ని! "మాది కొత్తపల్లి, తొందరగా రండి" అంటే అవతలివాళ్లు ఏ కొత్తపల్లికి బండి పంపాలి? జిల్లా, మండలం, ఊరు, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు ఒకటి - ఈ నాలుగూ వరుసగా రావాలి. హిందీ రాష్ట్రాల్లో మండలం అంటే అర్థం కాదు. అక్కడ తహసీల్, బ్లాక్, థానా అనాలి. బదిలీల మీద తిరిగేవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఇది రెట్టింపు కష్టం. ఇంటి నంబరు నోటికి వచ్చేలోగా ఊరే మారిపోతుంది.

నేను ఉత్తరాదిలో పనిచేస్తున్నప్పుడు ఒక చలికాలం సాయంత్రం షేర్ ఆటోలో వస్తున్నాను. ముందు వెళ్తున్న మోటారు సైకిలు జారి ఇద్దరు పడిపోయారు. ఒకతనికి స్పృహ లేదు. జనం చేరారు. ఒక యువకుడు వెంటనే ఫోన్ చేశాడు. "పులియా కే పాస్ హై, జల్దీ భేజో" అన్నదే అతని మాట. కల్వర్టు పక్కన ఉన్నాం, తొందరగా పంపండి అని. ఆ రోడ్డు మీద కల్వర్టులు ఎన్నో ఉన్నాయి. ఏ బ్లాకు, ఏ థానా అని అవతల అడుగుతుంటే ఇతను అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా దారిన పోయేవాళ్లమే. అప్పుడు పక్కనే టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్న కుర్రాడు, పన్నెండేళ్లుంటాయేమో, పరుగెత్తుకెళ్లి కిలోమీటరు రాయి మీద ఉన్నది చదివి వచ్చాడు. ఊరి పేరు, దూరం చెప్పాడు. ఆ రెండు ముక్కలతో సంభాషణ ముందుకు కదిలింది. అంబులెన్సు వచ్చింది. ఆ గాయపడినతను తర్వాత ఎలా ఉన్నాడో తెలియదు. ఆ కుర్రాడి అక్షరజ్ఞానం మాత్రం ఆ రోజు పనికొచ్చింది.

అందుకే పిల్లలకు ఆనవాళ్లు చదవడం నేర్పాలి. జాతీయ రహదారి మీద రాయికి పైన పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ ఉంటుంది. రైలు పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాల మీద కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం అంకె రాసి ఉంటాయి. ఊరి పేరు కావాలంటే దుకాణం బోర్డు, బడి గేటు, పంచాయతీ కార్యాలయం గోడ చూస్తే చాలు. ఇవన్నీ కూడా పఠనమే.

చోటు చెప్పాక రెండో ప్రశ్న వస్తుంది: "ఏమైంది?" ఇక్కడ మాతృభాష సంగతి ఉంది. నవోదయల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరు ఒక ఏడాది వేరే భాషా ప్రాంతంలో చదువుకుంటారు. అలా వచ్చిన మన వైపు కుర్రాడొకడికి ఒక రాత్రి కడుపునొప్పి వచ్చింది. హిందీలో మంచి మార్కులు తెచ్చుకునేవాడే. "డొక్కలో పోటు, కడుపులో దేవుతోంది" అని తెలుగులోనే మూలుగుతున్నాడు. హౌస్ మాస్టరు గారు హిందీవారు. ఆయన నన్ను లేపి, "సార్, ఏమంటున్నాడో చెప్పండి, ఫోన్‌లో అడుగుతున్నారు" అన్నారు. పోటు ఏ పక్క, ఎప్పటి నుంచి, వాంతి అయిందా అని వాడిని తెలుగులో అడిగి హిందీలో చెప్పాను. వాడిని సకాలంలో ఆసుపత్రికి చేర్చారు.

నొప్పికి మనకు ఎన్ని మాటలు! పోటు వేరు, మంట వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. వీటిని మాటకు మాట మార్చితే కుదరదు. కళ్లు తిరుగుతున్నాయి అనడానికి "ఆంఖే ఘూమ్ రహీ హై" అంటే అవతలివాళ్లు తికమకపడతారు. "చక్కర్ ఆ రహా హై" అనాలి. ఆయాసం అంటే "సాఁస్ ఫూల్ రహీ హై". మూడో భాషగా తెలుగు చదివే ఉత్తరాది పిల్లలకూ అంతే. వాళ్లు మన ప్రాంతానికి వచ్చినప్పుడు ఋతువుల వర్ణన కంటే "ఊపిరి ఆడటం లేదు" అన్న వాక్యం ముందు రావాలి.

ఫోన్‌లోనే లొకేషన్ తెలిసిపోతుంది కదా, ఇదంతా ఎందుకని ఒక సహోద్యోగి అన్నారు. తెలిసిన చోట మంచిదే. కానీ పటంలో చుక్క కనిపించినంత మాత్రాన దారి తెలియదు. మా ప్రాంగణాల్లాంటి చోట ముందు గేటు మూసి ఉందని, వెనుక గేటుకు రావాలని, రెండో అంతస్తు అని మనిషే చెప్పాలి. సిగ్నలు సరిగా లేని ఊళ్లలో, తాతగారి బటన్ ఫోన్‌లో ఆ చుక్క మీద ఆధారపడలేం. హాస్టలు పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కనుక వాళ్లకు అవసరం లేదనీ అంటారు. సెలవులకు ఇంటికి వెళ్తారు కదా. అమ్మానాన్నలు పొలంలో ఉన్నప్పుడు ఇంట్లో నాయనమ్మతో ఉండేది ఆ పిల్లలే.

నేర్పితే ఆకతాయి ఫోన్లు చేస్తారన్న భయం కూడా ఉంది. మనం నేర్పకపోయినా నంబరు వాళ్లకు తెలుసు. ఆ నిమిషంలో ఇంకెవరి కాల్ ఆగిపోతుందో వివరిస్తే బాధ్యత తెలుస్తుంది. ఇక పెద్దల భయం వేరు: సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని. సుప్రీంకోర్టు 2016లోనే సాయం చేసేవారికి రక్షణగా మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాద బాధితుడికి సదుద్దేశంతో సాయపడిన వ్యక్తిని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ విషయం పిల్లల ద్వారా ఇళ్లకు చేరాలి.

నేను కోరేది పెద్ద పాఠ్యాంశం కాదు. ప్రతి టర్ములో ఒక్క పీరియడు చాలు. పరీక్షకు సంబంధం లేకుండా ఒక్కసారి ప్రతి విద్యార్థి తన అసలు చిరునామా జిల్లాతో సహా రాయాలి. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు ఫోన్ చేసేవారుగా, ఒకరు అడిగేవారుగా మాట్లాడాలి. అడిగినవాటికే జవాబు చెప్పడం, అవతలివాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకపోవడం అలవాటు కావాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే పాఠశాల చిరునామా, నొప్పికి సంబంధించిన పది వాక్యాలు స్థానిక భాషలో నేర్పాలి. వాటిని హాస్టలు గోడ మీద రెండు భాషల్లో రాసి పెట్టాలి. వచ్చే విద్యా సంవత్సరం ప్రణాళిక వేసుకునేటప్పుడు భాషా ఉపాధ్యాయులందరూ ఈ ఒక్క పీరియడుకు చోటు కల్పించాలని మనవి.