‘సమాధానం’ అంటే జవాబేనా?

మనసు నెమ్మదించినంత మాత్రాన అది దేవుడి నిర్ణయమైపోదు. జంషెడ్‌పూర్‌లో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే జెస్యూట్ల దగ్గర దీని గురించి ఓ పాత పాఠం ఉంది

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెద్ద నిర్ణయం ఏది జరిగినా ఒక మాట వినిపిస్తుంది. ‘‘ప్రార్థన చేసుకున్నాం. మనసుకు సమాధానం వచ్చింది.’’ అమ్మాయికి సంబంధం ఖాయం చేసినా, ఉన్న ఉద్యోగం మానేసినా, ఊరు మారినా ఇదే మాట. బయటివారికి ఇది దేవుడి నుంచి జవాబు అందిందన్నట్టు వినిపిస్తుంది. నిజానికి తెలుగు బైబిల్లో సమాధానమంటే శాంతి. మనసు కుదుటపడింది అన్నంత వరకే ఆ మాటకు అర్థం. కానీ శాంతికీ జవాబుకీ ఒకే మాట కావడంతో, తాను చెబుతున్నది ఏదో చెప్పేవారికే తెలియకుండా పోతుంది. కోరుకున్నది ఎలాగైనా చేసేద్దామని నిశ్చయించుకున్న వారికి కూడా మనసు కుదుటపడుతుంది మరి.

ఈ ముడిని విప్పే పాఠం ఒకటి జంషెడ్‌పూర్‌లో దొరుకుతుంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం, రైల్వేలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఊరది. తాతల తరంలో బండి ఎక్కాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో ఆకలే తేల్చింది. మనవల సంగతి వేరు. వారి ముందు రెండు మూడు దారులు ఉంటాయి. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవడమే ఇప్పటి బరువు.

ఎంచుకోవడం ఎలాగో నేర్పే విద్యాలయం అదే ఊళ్లో 1949 నుంచి నడుస్తోంది. జెస్యూట్ గురువు ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ స్థాపించిన జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్‌ను ఇప్పుడు దేశమంతా ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐగా ఎరుగును. మేనేజ్‌మెంట్ తరగతిలో నిర్ణయమంటే అంకెలు, అంచనాలు, లాభనష్టాల పట్టికలు. అయితే ఆ సంస్థను నెలకొల్పిన జెస్యూట్ల దగ్గర ఇదే విషయం మీద నాలుగు శతాబ్దాలు పాతదైన మరో పాఠ్యపుస్తకం ఉంది. ఆ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా రాసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అది. 1548లో మూడో పాల్ పోప్ దాన్ని ఆమోదించారు. చదివి పక్కన పెట్టే పుస్తకం కాదు. ఒక గురువు పక్కనుండి ముప్ఫై రోజుల పాటు చేయించే సాధనక్రమం. దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి, మనిషి తన మోహాల పట్టు నుంచి బయటపడి నిర్ణయం తీసుకునేలా చేయడం.

ఇగ్నేషియస్ ఈ పాఠాన్ని మంచం మీద నేర్చుకున్నాడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫ్రెంచి సేనలతో జరిగిన పోరులో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. కోలుకునే రోజుల్లో వీరగాథలు అడిగితే ఆ ఇంట్లో దొరకలేదు. క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలు మాత్రమే దొరికాయి. రాచకుటుంబపు స్త్రీ మెప్పు కోసం తాను చేయబోయే సాహసాలను గంటల తరబడి ఊహించుకునేవాడు. మరికొన్నిసార్లు పునీతుల్లా బతకడం గురించి ఊహించుకునేవాడు. ఊహిస్తున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసింది. మొదటి ఊహ వెళ్లిపోయాక మనసు ఎండిపోయేది. రెండోది వెళ్లిపోయాక కూడా తృప్తి మిగిలేది. ఉప్పొంగిన క్షణాన్ని నమ్మకూడదనీ, అది తగ్గాక ఏం మిగిలిందో చూడాలనీ ఆయనకు అర్థమైంది.

అంటే భావాలను ఆయన కొట్టిపారేయలేదు. వాటిని సాక్షులుగా పిలిచాడు, న్యాయమూర్తులుగా కూర్చోబెట్టలేదు. సాక్షి చెప్పింది వినాలి, అడ్డుప్రశ్నలు వేయాలి. తీర్పు మాత్రం సాక్షి ఇవ్వకూడదు.

ఆయన నియమాల్లో బాగా పేరుపడినది ఒకటుంది. మనసు కుంగి, ప్రార్థన చప్పబడి, దేవుడు దూరమైనట్టు అనిపించే రోజుల్లో అంతకుముందు నిమ్మళంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. రాజీనామా పత్రం రాయాలనిపించేది సరిగ్గా అలాంటి రాత్రే గనుక ఈ నియమం ఎవరికైనా పనికొస్తుంది. మన పెద్దలు నిదానమే ప్రధానం అన్నది ఇందుకే. రెండో హెచ్చరిక అంతగా తెలియనిది. ఆనందం పొంగుతున్నప్పుడు కూడా జాగ్రత్త పడాలంటాడు ఇగ్నేషియస్. ఆ ఉత్సాహంలో చేసే ప్రతిజ్ఞలు, వేసుకునే పథకాలు మన సొంత కల్పనలు కావచ్చు. ఉజ్జీవ సభలో కన్నీళ్ల మధ్య జీవితమంతటికీ మాట ఇచ్చేసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

మరి భావాలు అటూ ఇటూ లాగని ప్రశాంత సమయంలో ఏం చేయాలి? అక్కడ ఇగ్నేషియస్ చెప్పింది వింటే మేనేజ్‌మెంట్ విద్యార్థి ఆశ్చర్యపోతాడు. ముందు త్రాసు ముల్లులా ఎటూ మొగ్గకుండా నిలబడమంటాడు. తర్వాత ఈ దారిలో లాభమేమిటి, నష్టమేమిటి, ఆ దారిలో లాభమేమిటి, నష్టమేమిటి అని లెక్క వేయమంటాడు. ఎప్పుడూ చూడని అపరిచితుడు ఇదే సమస్యతో వస్తే ఏ సలహా ఇస్తావో అదే నువ్వూ పాటించు అంటాడు. మరణశయ్య మీద ఉన్నప్పుడు ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో దాన్నే ఇప్పుడు తీసుకో అంటాడు. చివరికి దాన్ని దేవుడి ముందు పెట్టి, ఆయన దాన్ని స్వీకరించి స్థిరపరచాలని ప్రార్థించమంటాడు. దేవుణ్ణి నమ్మడమంటే బుద్ధిని పక్కన పెట్టడమన్న మాట ఈ పద్ధతిలో ఎక్కడా లేదు. బుద్ధి కూడా ఆయన ఇచ్చిందే.

జార్ఖండ్‌లోనే ఇందుకు మరో ఉదాహరణ ఉంది. అది జెస్యూట్లది కాదు, లూథరన్లది. బెర్లిన్ పాస్టర్ యోహానెస్ గోస్నర్ పంపిన నలుగురు మిషనరీలు 1845లో రాంచీ చేరారు. ఏళ్లు గడిచినా ఒక్కరూ వారి మాట వినిపించుకోలేదు. విసిగిపోయి, మరో చోటికి వెళ్లడానికి అనుమతి అడిగారు. ఫలితం వచ్చినా రాకపోయినా ప్రార్థన చేస్తూ అక్కడే ఉండమన్న సారాంశంతో గోస్నర్ నుంచి జవాబు వచ్చింది. 1850 జూన్ 9న నలుగురు ఉరావులు బాప్తిస్మం తీసుకున్నారు. రాంచీ కేంద్రంగా నేడున్న గోస్నర్ ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి అది మొదలు. చివరికి ఫలితం వచ్చింది కాబట్టి నిర్ణయం సరైనదని ఈ కథను ముగించడం సులభం. కానీ ఆ నలుగురు రాకపోయి ఉంటే? నిరాశ మాట విని వెళ్లిపోకుండా ఉండిపోవడం అప్పుడూ సరైనదే అయ్యేది. ఉండాలని నిర్ణయించిన రోజున వారికి ఫలితం తెలియదు.

నిరాశను నమ్మకపోవడం ఒక ఎత్తు. స్పష్టంగా వినిపించిందనుకున్న పిలుపును కూడా వెంటనే నమ్మకపోవడం మరో ఎత్తు. ఇందుకు ఉదాహరణ పొరుగునున్న కోల్‌కతాలో ఉంది. 1946 సెప్టెంబర్ 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో, నిరుపేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు తనకు వినిపించిందని లొరెటో కాన్వెంట్ సన్యాసిని మదర్ థెరిసా నమ్మారు. ఆమె మర్నాడే వీధిలోకి దిగలేదు. ఆధ్యాత్మిక గురువైన జెస్యూట్ ఫాదర్ సెలెస్ట్ వాన్ ఎక్సెమ్‌కు చెప్పారు. ఆయన ఆగమన్నారు. ఆర్చిబిషప్ ఫెర్డినాండ్ పెరియర్ కూడా తొందరపడలేదు. ఆమె మళ్లీ మళ్లీ లేఖలు రాశారు, వేడుకున్నారు, కానీ అనుమతి లేకుండా గడప దాటలేదు. చివరకు 1948 ఆగస్టులో కాన్వెంట్ విడిచి బయటికి వచ్చారు. దాదాపు రెండేళ్లు పట్టింది. పిలుపు దేవుడిదే అయితే పరీక్షకు నిలుస్తుంది, ఆలస్యానికి చచ్చిపోదు అన్న ధైర్యం ఆ నిరీక్షణలో ఉంది.

అసలు కథ ఆ తర్వాతిది. 2007లో ఆమె లేఖలు పుస్తకంగా వెలువడినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. సేవ మొదలైన కొద్ది కాలం నుంచే, దశాబ్దాల పాటు, దేవుడి సన్నిధి ఉన్నట్టు ఆమెకు అనిపించనే లేదు. లోపలంతా చీకటి. కొందరు దాన్ని కపటమన్నారు, కొందరు అవిశ్వాసమన్నారు. అయినా తెల్లవారుజామున లేచి ప్రార్థనకు కూర్చోవడం, రోడ్డు మీద పడి ఉన్నవారిని ఎత్తుకెళ్లడం ఆగలేదు. భావమే విశ్వాసమైతే ఆమెకు విశ్వాసం లేనట్టే. మాట మీద నిలబడడమే విశ్వాసమైతే, ఆ కాలంలో ఆమెకున్నంత విశ్వాసం కొద్దిమందికే ఉండి ఉంటుంది.

తెలుగునాట ఈ ప్రశ్నను ఇంటింటికీ తెచ్చినవాడు బక్త్ సింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్, కెనడా వెళ్లి, క్రైస్తవుడై 1933లో తిరిగొచ్చాడు. హైదరాబాద్‌లో 1950లో హెబ్రోనును స్థాపించి, 2000 సెప్టెంబర్‌లో అక్కడే కన్నుమూశాడు. చిన్నదైనా పెద్దదైనా దేవుడి చిత్తం తెలుసుకోకుండా అడుగు వేయవద్దన్నది ఆయన బోధ. అందుకోసం రాత్రంతా మోకాళ్ల మీద గడపడం ఆయన సహవాసాల్లో మామూలు సంగతి. అయితే ఆ పద్ధతిలో గమనించవలసింది ఇంకొకటుంది. అక్కడ ప్రార్థించేది ఒంటరి మనిషి కాదు. పెద్దలు కలిసి కూర్చుంటారు, వాక్యం తెరుస్తారు, ఏకమనసు కుదిరే వరకు ఆగుతారు. ఒకరి ఉద్వేగాన్ని పదిమంది నిదానం తూకం వేస్తుంది.

ఆ తూకం పోయిన చోట ప్రమాదం మొదలవుతుంది. ‘‘ప్రభువు నాతో చెప్పాడు’’ అన్న మాటకు ఎదురు మాట లేదు. అల్లుణ్ణి ఎంచేవారూ, ఆస్తి అమ్మించేవారూ, రోగి చేత మందులు మాన్పించేవారూ ఆ మాటే వాడతారు. సొంత కోరికకు దేవుడి సంతకం పెట్టేస్తే అడిగేవాడు అవిశ్వాసి అయిపోతాడు. అందుకే ఎదుటివారి ప్రశ్నను భరించలేని ‘దేవుడి మాట’ను అనుమానించవలసిందే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ‘నీ భావాలను నమ్మకు, దేవుణ్ణి నమ్ము’ అని చెప్పి, దెబ్బలు తింటున్న భార్యను తిరిగి అదే ఇంటికి పంపించే పెద్దలున్నారు. ఆమె భయం చంచలమైన భావం కాదు, ఒంటి మీది వాతలు చెబుతున్న నిజం. సాక్షిని న్యాయమూర్తిని చేయకూడదంటే సాక్షి నోరు నొక్కమని కాదు. కుంగినప్పుడు నిర్ణయం మార్చవద్దన్న ఇగ్నేషియస్ కూడా సరిగ్గా తీసుకోని నిర్ణయాన్ని, మార్చడానికి వీలున్నదైతే, మళ్లీ సక్రమంగా తీసుకోమన్నాడు. తప్పు నిర్ణయానికి జీవితాంతం కట్టుబడమనలేదు.

ఇంతకీ క్రైస్తవులకు ఈ విషయంలో ఆదర్శం గెత్సేమనే తోట. ఆ రాత్రి యేసు మనసుకు సమాధానం లేదు. ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలనే ఆయన కోరుకున్నాడు. ఆ కోరికను దాచలేదు, తండ్రి ముందు పెట్టాడు, ఒకసారి కాదు మూడుసార్లు. ఆ తర్వాత తన ఇష్టం కంటే తండ్రి ఇష్టమే మిన్న అనుకుని లేచి నడిచాడు. బాధ తగ్గాక లేవలేదు. బాధతోనే లేచాడు.

ఆ తోటలో జవాబు వచ్చింది, శాంతి రాలేదు. తెలుగులో రెంటికీ ఒకే మాట ఉండవచ్చు. అవి ఒకే వేళకు రావాలన్న నియమం మాత్రం లేదు. చేతిలో రెండు ఉద్యోగాల ఉత్తర్వులతో జంషెడ్‌పూర్‌లో కూర్చున్న కుర్రాడైనా, రెండు సంబంధాల మధ్య ఊగుతున్న ఇంటివారైనా మనసుకు సమాధానం వచ్చిందా అని అడుక్కోవడంలో తప్పులేదు. దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇది అపరిచితుడి సమస్య అయితే, నా లాభం ఇందులో ఏమీ లేకపోతే, అప్పుడూ ఇదే సలహా ఇస్తానా? ఆ ప్రశ్నకు నిజాయితీగా వచ్చే జవాబు ఒక్కోసారి మనసుకున్న శాంతిని చెడగొడుతుంది. అప్పుడు దేన్ని నమ్ముతారన్న దగ్గరే విశ్వాసం తేలుతుంది.