బీడీ కార్మికుల కాన్పుల లెక్క తీసేదెవరు?

నిజామాబాద్ : ఉత్తర తెలంగాణ జిల్లాల్లో లక్షలాది మహిళలకు బీడీల పనే ఆధారం. గర్భిణులు సైతం నెలలు నిండేవరకు తంబాకు చాట ఒడిలో పెట్టుకునే కూర్చుంటారు. పొగాకు దుమ్ము ముక్కు ద్వారా, నికోటిన్ చేతి చర్మం ద్వారా వంటికి పడుతుంది. అయినా గర్భం పోతే, బిడ్డ బరువు తక్కువగా పుడితే రక్తహీనత అనో, తలరాత అనో సరిపెట్టుకోవడమే జరుగుతోంది.

కారణం తేల్చడానికి కావలసిన కాగితాలు లేకపోలేదు. బీడీలు చేసేవారి పేర్లు భవిష్యనిధి జాబితాల్లో ఉన్నాయి. గర్భిణుల వివరాలు, బిడ్డ బరువు ఆరోగ్య కార్యకర్త రిజిస్టరులో ఉన్నాయి. రెండు చోట్లా ఆధార్ సంఖ్య అడుగుతూనే ఉన్నారు. కాని ఈ రిజిస్టరు ఒక శాఖది, ఆ జాబితా మరొక శాఖది.

ఈ రెంటినీ కలిపితే ఏమి తెలుస్తుందో ఫిన్లాండ్ దేశం చూపింది. అక్కడి ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధిచేసే సిబ్బందిపై జరిపిన పరిశీలన 1982లో వెలువడింది. సిబ్బందిని ఉత్తరాల ద్వారా ప్రశ్నించి, ఆ సమాధానాలను దేశవ్యాప్త ఆసుపత్రి రికార్డులతో సరిచూశారు. గర్భిణిగా ఉండి ఆ పని చేసినవారిలో గర్భస్రావాలు 16.7 శాతం, చేయనివారిలో 5.6 శాతం. వయసు, పొగతాగే అలవాటు వంటివి లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఇథిలిన్ ఆక్సైడ్ వాయువుపైనే అనుమానం నిలిచింది.

అయితే ఇక్కడ కాగితాన్ని గుడ్డిగా నమ్మరాదు. అత్త పుస్తకం మీద కోడలు బీడీలు చేసే ఇళ్ళున్నాయి. జాబితా ప్రకారం ఆ కోడలు బీడీ కార్మికురాలే కాదు. జనన నమోదు పత్రంలో తల్లి వృత్తికి గడి ఉన్నా, అందులో 'గృహిణి' అని రాస్తే ఆ ఆధారమూ పోయినట్లే. ఆదిలో పోయే గర్భాలు జనన మరణాల నమోదులోకే రావు. కనుక ఇంటింటికీ వెళ్లి అడగడం కూడా తప్పదు. అదే ఊళ్లో, అదే ఆర్థిక స్థితిలో ఉండి బీడీలు చేయని స్త్రీలతో పోల్చినప్పుడే రక్తహీనత వాటా ఎంతో, తంబాకు వాటా ఎంతో తేలుతుంది.

కార్మికులకు మరొక భయం సహజం. లెక్క తేలాక గర్భిణులకు ఆకు, తంబాకు ఇవ్వడం మానేస్తే నష్టపోయేది వారే. అందువల్ల పేర్లు తొలగించి పరిశీలన జరపాలి. నెలలు నిండేవారికి పని మాన్పించదలిస్తే ముందుగా భృతి చూపాలి. కార్మిక, వైద్య ఆరోగ్య శాఖలు కలిసి ఒక్క మండలంలోనైనా ఈ పని ప్రారంభించవలసిన అవసరం ఎంతైనా ఉంది.