కడలిలో దిగేముందు ఒక సంతకం

ఆగస్టు మాసంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగిసిన పిదప, మట్టెవాడలోని మా మదరసా వరండాలో ఒక యువకుడు మా కొరకు వేచి ఉన్నాడు. పదిహేనేళ్ళ క్రితం మా వద్ద ఖుర్ఆన్ నాజిరా పూర్తిచేసిన విద్యార్థి. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. నవంబరులో భార్యనూ, బావమరిదినీ వెంటబెట్టుకొని లక్షద్వీప్ వెళ్ళాలనీ, కద్మత్ దీవి వద్ద స్కూబా డైవింగ్ చేయాలనీ అతని సంకల్పం. "హజ్రత్, ఓడలో నమాజు ఎలా చేయాలి? ఖస్ర్ చేయాలా, పూర్తిగా చేయాలా?" అని అడగడానికి వచ్చాడు. చేతిలో ప్రయాణానికి సంబంధించిన కాగితాల కట్ట ఉంది.

విహారయాత్ర అనగానే దుబారా అని ముఖం చిట్లించే పెద్దలు మనలో ఉన్నారు. మేము ఆ కోవకు చెందము. అప్పు చేయకుండా, ఇంటివారి హక్కులకు భంగం కలిగించకుండా, ఆరాధనలను విస్మరించకుండా చేసే ప్రయాణం ధర్మసమ్మతమే. భూమిపై సంచరించి సృష్టిని పరికించమని దివ్య ఖుర్ఆన్ పదేపదే ప్రబోధిస్తున్నది. సూరా రహ్మాన్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ ముత్యాలను, పగడాలను ప్రస్తావించాడు. సముద్రం ఎరుగని ఓరుగల్లు బిడ్డ ఆ పగడాలను కళ్ళారా చూడాలనుకోవడంలో తప్పేమున్నది?

పగడపు దిబ్బ చూడటానికి రాతిగుట్టలా ఉంటుంది గాని, దాన్ని కట్టినవి ప్రాణులు. గోరంత కూడా లేని కోటానుకోట్ల జీవులు సముద్రజలంలోని సున్నాన్ని గ్రహించి, తరతరాలుగా ఒకదానిపై ఒకటి గూళ్ళు కట్టుకుంటూ పోగా ఏర్పడినవే ఈ దిబ్బలు. ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన గ్రేట్ బ్యారియర్ రీఫ్ రమారమి 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంది. మన దేశంలో అండమాన్ దీవుల పడమటి దిక్కున అటువంటి అవరోధ దిబ్బ ఉన్నది. లక్షద్వీప్‌లో ఈ దిబ్బలు వలయాకారంలో ఏర్పడి, నడుమ ప్రశాంతమైన మడుగును కాపాడుతున్నాయి. బయట అలలు ఎంత విరుచుకుపడినా లోపల నీరు నిలకడగా ఉంటుంది. 36 దీవుల ఆ సమూహం మొత్తం వైశాల్యం కేవలం 32 చదరపు కిలోమీటర్లు. జనావాసం ఉన్నవి పదే. అక్కడి ప్రజలలో నూటికి 96 మంది ముస్లిములు.

అతని ప్రశ్నకు సమాధానం చెప్పాము. వరంగల్ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం, కొచ్చి నుంచి ఓడలో రమారమి 400 కిలోమీటర్లు. కనుక అతను నిస్సందేహంగా ముసాఫిరే. హనఫీ మస్లక్ ప్రకారం ఒకచోట 15 దినాలకు తక్కువ ఉండే ఉద్దేశం ఉన్నప్పుడు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను రెండుగా చేయాలి. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం ఆయనతోపాటు పూర్తిగా నాలుగూ చేయాలి. ఓడ ఊగుతూ నిలబడటం సాధ్యం కానప్పుడు కూర్చుని చేయవచ్చు. ఓడ దిశ మారితే ఖిబ్లా వైపు తానూ తిరగాలి. దీవులవారు షాఫయీ మస్లక్‌ను అనుసరిస్తారు. ఫజ్ర్ నమాజులో వారు ఖునూత్ చదవడం చూసి ఆశ్చర్యపోవద్దనీ, వాదానికి దిగవద్దనీ చెప్పాము.

అంతటితో మాట ముగిసేదే. కాని కాగితాల కట్టలో ఒకటి మా కంటబడింది. సముద్రంలో దిగేవారు పూరించవలసిన ఆరోగ్య వివరాల పత్రం అది. గుండె జబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స, ఉబ్బసం అంటూ వరుసగా ప్రశ్నలు. అన్నింటికీ "లేదు" అని గుర్తు పెట్టి, కింద సంతకం చేశాడు.

మాకు అతని బాల్యం గుర్తుంది. చలికాలంలో సబఖ్ వినిపిస్తూ ఊపిరందక మధ్యలో ఆగిపోయేవాడు. అర్ధరాత్రులు అతని తల్లి ఆటోలో ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయేది.

"ఇదేమిటి బేటా?" అన్నాము.

"ఉందని రాస్తే డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంటారు హజ్రత్. అందరూ ఇలాగే రాస్తారని యాత్ర ఏర్పాటు చేసినాయన చెప్పారు. రెండేళ్ళుగా నాకు ఆయాసం రాలేదు."

"ఇన్‌హేలర్ ఇప్పుడు జేబులో ఉందా?"

అతను తల వంచుకున్నాడు.

పాఠకులారా! ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఆలోచించండి. నీటిలో పది మీటర్లు దిగేసరికి మనపై ఒత్తిడి రెట్టింపవుతుంది. సిలిండరు గాలి కూడా అదే ఒత్తిడితో ఊపిరితిత్తులలో నిండుతుంది. పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఆ గాలి రెండింతలుగా వ్యాకోచిస్తుంది. అందుకే నీటిలో ఎన్నడూ ఊపిరి బిగపట్టరాదన్నది శిక్షకులు నేర్పే మొట్టమొదటి సూత్రం. ఉబ్బసం గలవాడికి నీటి అడుగున శ్వాసనాళాలు బిగుసుకుంటే, తాను ఊపిరి వదులుతున్నా కొంత గాలి లోపలే చిక్కుకుపోవచ్చు. పైకి వస్తున్నకొద్దీ అది ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చవచ్చు. సిలిండరులోని చల్లని, పొడి గాలే ఆయాసాన్ని రేపవచ్చు. ఉబ్బసం గలవారందరికీ ఇది నిషిద్ధమని కాదు. ఎవరు దిగవచ్చునో, ఎవరు దిగరాదో పరీక్షించి చెప్పవలసినది వైద్యుడు. ఆ వైద్యుని వద్దకు పోయే దారినే "లేదు" అన్న ఆ ఒక్క మాట మూసివేసింది.

"ప్రాణం అల్లాహ్ చేతిలో ఉంది కదా హజ్రత్" అన్నాడతను మెల్లగా. నిజమే. కాని ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధన. చేజేతులా వినాశనాన్ని కొనితెచ్చుకోరాదన్న హెచ్చరిక సూరా బఖరా 195వ ఆయతులో ఉంది. అబద్ధం రాసి తవక్కుల్ అని పిలిస్తే అది తవక్కుల్ కాజాలదు.

మరొక సంగతి కూడా ఉంది. నీటిలో ఎవరూ ఒంటరిగా దిగరు. ఇద్దరిద్దరుగా దిగుతారు. ఒకరి గాలి అయిపోతే రెండవవారు తమ గాలి పంచాలి. శిక్షకుడు ఆ పత్రాన్ని నమ్మి అతని వెంట దిగుతాడు. అక్కడ అతనికి ఊపిరాడకపోతే రక్షించబోయేవారి ప్రాణానికీ ముప్పే. తెలియనివారిని ప్రమాదంలోకి లాగడం అమానతులో ద్రోహం. మోసగించేవానితో తన సమాజానికి సంబంధం లేదన్న దైవప్రవక్త (స) హెచ్చరిక తూకాలకూ, తక్కెడలకూ మాత్రమే వర్తించదు.

"ఈ పత్రాన్ని అమ్మీకి చదివి వినిపించగలవా?" అని అడిగాము. అతను జవాబు చెప్పలేదు. కాగితం మడిచి తీసుకొని వెళ్ళిపోయాడు.

ఇటువంటి యాత్ర తలపెట్టిన కుటుంబాలకు కొన్ని మాటలు. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి పత్రం తప్పనిసరి. దానికి ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది గనుక అక్టోబరు తరువాతి మాసాలే అనువైనవి. ఆరోగ్య పత్రం డబ్బు కట్టకముందే అడిగి తీసుకోండి. డబ్బు కట్టిన తరువాత నిజం రాయడం కష్టమవుతుంది. స్త్రీలకు మహిళా శిక్షకురాలు లభిస్తారా అని ముందే విచారించుకోండి. పలుమార్లు నీటిలో దిగినవారు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. పగడాన్ని తాకవద్దు, విరవవద్దు. గట్టి పగడాలను మన వన్యప్రాణి సంరక్షణ చట్టం పులితో సమానంగా కాపాడుతున్నది. గుర్తుగా ఒక ముక్క తెచ్చుకున్నా నేరమే.

డిసెంబరులో అతను మళ్ళీ వచ్చాడు. పత్రం మార్చి రాశానన్నాడు. ఛాతీ వైద్యుడు పరీక్షించి, ఈ ఏడు దిగవద్దని చెప్పాడట. డైవింగ్ కొరకు కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదట. అయినా దీవికి వెళ్ళారు. భార్య, బావమరిది శిక్షకుల వెంట లోతుకు దిగారు. అతను మాత్రం ఒడ్డు దాపున మడుగులో, నడుములోతు నీటిలో అద్దం తొడుక్కొని ముఖం ముంచి చూశాడట.

"ఏమి కనిపించింది?" అన్నాము.

"పసుపు చేపలు, నీలం చేపలు హజ్రత్. నా నీడ పడితే చెదిరిపోయి, మళ్ళీ వచ్చేవి. అక్కడే నిలబడి సుబ్‌హానల్లాహ్ అన్నాను." కాసేపాగి మళ్ళీ అన్నాడు: "అమ్మీకి అంతా చెప్పాను. ముందు తిట్టింది. తరువాత నా ఛాతీ మీద చెయ్యి వేసి, చాలాసేపు ఏదో చదివి ఊదింది."

మనం ప్రతిదినం ఎన్నో పత్రాలపై సంతకాలు చేస్తున్నాము. వాటిని అధికారులు చదవకపోవచ్చు. కిరామన్ కాతిబీన్ చదవక మానరు. సత్యం పలికే ధైర్యాన్నీ, ఇచ్చిన ప్రాణాన్ని అమానతుగా కాపాడుకునే వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.