పొట్లం మీది రాత ఎవరికోసం?

ఆహార పొట్లాల ముందువైపు హెచ్చరికలపై నిపుణుల సిఫార్సులకు 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు విధించింది. జూలైలో దానిని పొడిగించవలసి వచ్చింది.

ఈ జాప్యం ఉపేక్షింపదగినది కాదు. 2019లో ప్రచురితమైన అధ్యయనంలో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 20 మందికి రెండు వారాలు కర్మాగారపు తిండిని, మరో రెండు వారాలు సహజాహారాన్ని వడ్డించారు. వడ్డనలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే. ఎంత తినాలన్నది వారి ఇష్టం. అయినా కర్మాగారపు తిండి రోజుల్లో సుమారు 500 కేలరీలు అధికంగా తిన్నారు. బరువు దాదాపు కిలో పెరిగింది. సహజాహారంతో అంతే తగ్గింది. మెత్తని తిండిని త్వరత్వరగా మింగడం ఒక కారణం కావచ్చునని అంచనా. జొన్నరొట్టెను అలా మింగడం ఎవరి తరం?

పొట్లంపై వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే నిబంధనకు చాలు. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో మాత్రమే నేర్చిన బళ్ళారి, హోసూరు పల్లెల తల్లికి ఆ సన్నని అక్షరాలు మూగవే. శాకాహారానికి పచ్చచుక్క వలె దీనికీ ఒక గుర్తుంటే ఆమె చదువుతో పనిలేకుండా గ్రహించగలదు.